ఎడమ మోకాలి మీద బాణం

నా రెండు కాళ్ల మీద నిలబడి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను అని మొదలుపెడితే వినడానికి దర్జాగా ఉంటుంది. అబద్ధం. కూర్చునే రాస్తున్నాను. ఇప్పుడు నిలబడగలను, నడవగలను, గోడ పట్టుకొని మెట్లెక్కగలను. కానీ నిలబడి రాసే అలవాటు బాగున్న రోజుల్లోనే లేదు. ఇప్పుడు కొత్తగా ఎందుకు?

గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. కొంత నా మనసు కుదుటపడడానికి. కొంత, రేపు మీలో ఎవరైనా మోకాలో మోచెయ్యో పట్టుకొని ఆస్పత్రికి పోతే పనికొస్తుందేమోనని.

నా పేరు నర్సయ్య. పేరులోనే నర్సు ఉన్నవాడికి ఆస్పత్రి అచ్చిరావాలి నిజానికి. మా నాయన సాంచెల పని, అంటే మరమగ్గాల పని, వెతుక్కుంటూ కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చాడు. నేను ఈ లింబాయత్ గల్లీల్లోనే పుట్టి, ఆ సాంచెల చప్పుడే జోలపాటగా పెరిగాను. నేత మాత్రం అబ్బలేదు. తప్పులు పట్టడం అబ్బింది. కార్ఖానాలో నాది చెకింగ్ పని. నేసిన గుడ్డ తాకాలు తాకాలుగా, అంటే తాన్లు తాన్లుగా, నా బల్ల మీదికొస్తుంది. వెనకాల ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. నిలబడి గుడ్డ లాగుతూ, పోగు తెగిన చోటా నూనె మరక పడిన చోటా పెన్నుతో బాణం గుర్తు వేస్తాను. బాణం పడిన తాకా సెకండ్స్‌లోకి, అంటే రెండో రకం సరుకులోకి, పోతుంది. నేసినవాడు నన్ను తిట్టుకుంటూ ఇంటికి పోతాడు.

మా ఇంటావిడ సుగుణ పని దీనికి సరిగ్గా తలకిందులు. మార్కెట్ నుంచి చీరల కట్టలు ఇంటికొస్తాయి. వేలాడే దారాలు కత్తిరించి, మరకలు తీసి, మడతపెట్టి పంపాలి. మరకలు తీయడంలో మా గల్లీలో ఆమెను మించినవాళ్లు లేరు. నేను గుర్తులు పెట్టి బతికాను, ఆమె గుర్తులు చెరిపి బతికింది. ఇద్దరం కలిసి ఒక సంసారం ఈదాం. ఇది కాస్త గుర్తుంచుకోండి. ఈ గొడవంతా గుర్తు గురించే.

వానలు

కార్ఖానా మెట్ల మీద వాన నీళ్లు నిలిచాయి. మెట్టు నన్ను మెట్టిందో, నేను మెట్టును మెట్టానో గాని, ఎడమ మోకాలి లోపల ఏదో పటుక్కుమంది. వారం పది రోజులు పసుపూ పట్టీ అయ్యాక, మోకాలు మడత పడడం మానేసింది. బట్టల ఊళ్లో ఉంటూ మడత పడని వస్తువును ఎవరు భరిస్తారు?

స్కానింగ్ ఫిల్ము చూసిన పెద్ద డాక్టరు, మోకాలి లోపలి గద్దీ, అంటే మెత్త, చిరిగిందనీ, చిన్న బెజ్జాలు వేసి కుట్టాలనీ చెప్పాడు. ఆ ఆస్పత్రి పేరు రాయను. మా వకీలు రాయొద్దన్నాడు. అద్దాల మేడ, లోపల చల్లగాలి, కుర్చీలు కూడా మెత్తవి. వెయిటింగ్ హాల్లో గోడ నిండా గుజరాతీలో పెద్ద అక్షరాలు: 'తమారీ సలామతీ, అమారీ జవాబ్దారీ'. మీ క్షేమం, మా బాధ్యత. జవాబ్దారీ అన్న మాటలో జవాబు ఉంది కదా అని మురిసిపోయాను. మాటల్ని విడదీసి మురవడం నాకు చిన్నప్పటి జబ్బు. దానికి ఆపరేషన్ లేదు.

అక్కడ మాకు ఒక తెలుగు మనిషి దొరికాడు. పెద్ద డాక్టరు కింద పనిచేసే చిన్న డాక్టరు. గోదావరి వైపు కుర్రాడు అనుకుందాం. ఎందుకు 'అనుకుందాం' అంటున్నానో తర్వాత చెబుతాను. సుగుణ నన్ను కసురుకోవడం విని గబగబా వచ్చి, "మీరు తెలుగువాళ్లా ఆంటీ?" అని అడిగాడు. ఊరు వదిలి రెండేళ్లయిందట, గోంగూర రుచే మర్చిపోయాడట. గోంగూర ఏదో తెలియక సుగుణ మర్నాడు తనకొచ్చిన పుంటికూర పప్పు డబ్బాలో పెట్టి తెచ్చింది. గోంగూర అంటే పుంటికూరేనని అతనికీ, పుంటికూర అంటే గోంగూరేనని ఆమెకూ ఆ రోజే తెలిసింది. కూర ఒక్కటే అయినప్పుడు పేరుతో పేచీ లేదు. నాకు మాత్రం ఆ కుర్రాడు ఉన్నాడన్న ధైర్యంతో సగం నొప్పి తగ్గింది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం అతనే వచ్చి, నా ఎడమ మోకాలి పైన ఊదారంగు పెన్నుతో ఒక బాణం గీశాడు. గీసి, "రేపు కలుద్దాం అంకుల్" అని పోయాడు. తర్వాత గొరిగే మనిషి వచ్చి రెండు కాళ్లూ గొరిగాడు. ఒకటి చాలన్నా వినలేదు.

తెల్లవారి నర్సు వచ్చి, బాగా సబ్బు పెట్టి స్నానం చేయించమని, కాలు శుభ్రంగా ఉండాలని సుగుణతో చెప్పి పోయింది. శుభ్రం అన్న మాట సుగుణతో అనకూడదు. అంటే ఇక దేన్నీ వదలదు.

"ఏందయ్యా గిది, నీకు డ్యామేజీ గుర్తు పెట్టిన్రు" అంది బాణాన్ని చూసి.

నేను పెట్టిన బాణాల ఉసురు నాకే తగిలిందన్నాను. అది గొరిగేవాడి కోసం పెట్టిన గుర్తు అయి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. గొరగడం అయిపోయింది కాబట్టి దాని పని అయిపోయింది. పైగా బాణం గుర్తుతో లోపలికి పోవడం ఆమెకు నచ్చలేదు. మా బతుకులో బాణం పడిన ఏ గుడ్డా బాగుపడలేదు మరి.

"గీ గుర్తుతోని పోతే నిన్ను సెకండ్స్‌ల ఏస్తరు" అని నవ్వుతూనే రుద్దింది. సబ్బుకు పోలేదు. పెన్ను మరక సబ్బుకు పోదు, స్పిరిట్‌కు పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా సూరత్‌లో ఎవరికి తెలుసు? మంచం కాళ్ల దగ్గర చేతులు తుడుచుకునే స్పిరిట్ సీసా వేలాడుతోంది. పాత గుడ్డ తడిపి తుడిచింది. చీర మీదైతే ఇంకా జల్ది పోయేదని, నా తోలు మందమని అంది. మోకాలు కొత్త తాకాలా తెల్లగా మెరిసింది.

ఆపరేషన్ గదిలో నడుముకు సూది వేశారు. నడుము కింద ఎవరి కాళ్లో అన్నట్టయింది. నా ముఖానికీ కాళ్లకీ మధ్య పచ్చగుడ్డ తెర కట్టారు. నా పేరు అడిగారు, చెప్పాను. ఒక నర్సు నవ్వింది. ఏ కాలని ఎవరూ అడగలేదు. తెర అవతల లోచో ఎక్కడ బాగుంటుందని మాట్లాడుకుంటున్నారు. లోచో అంటే ఇక్కడ పొద్దున తినే మెత్తటి ఫలహారం. లోచో అంటే సూరత్ మాటలో గందరగోళం కూడా. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే కాలైనా మిగిలేది.

వార్డుకు తెచ్చాక సుగుణే దుప్పటి ఎత్తి చూసింది. దుప్పటి అంచు పట్టుకొనే అడిగింది.

"ఏమయ్యా, నీకు ఏ కాలు నొయ్యవట్టె?"

"ఎడమది."

"మరి పట్టీ గిటు దిక్కు ఉన్నదేంది?"

శ్రావణం

ఆస్పత్రి వాళ్లు మర్యాద పెంచితే భయపడాలని ఆ రోజు నేర్చుకున్నాను. సాయంత్రానికల్లా నన్ను టీవీ ఉన్న గదిలోకి మార్చారు. పళ్లబుట్ట వచ్చింది. వచ్చినవాళ్లంతా చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఏం జరిగిందో చెప్పమంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పెద్ద డాక్టరు మర్నాడు వచ్చి, కుడి మోకాలు కూడా అరిగే ఉందని, ఎలాగూ కొన్నేళ్లలో చేయాల్సిందేనని, ఇప్పుడే చేసేసినట్టయిందని అన్నాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనవాళ్లంటారు. నాకు బోడిగుండు ఉంది, మోకాలూ ఉంది. అయినా ఆయన వేసిన ముడి నాకు అందలేదు.

ఆ తర్వాత ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు, మెత్తటి మాట, చేతిలో ఫైలు. రిస్కు చూసుకునే విభాగమట. నాకు తెలిసినంతలో చాయ్‌లో ముంచుకునేది రస్కు, అంతే. రిస్కు ఎవరిదో, ఎవరికి రాకుండా చూసుకుంటారో అప్పటికి తెలియదు, నాకు రాకుండానే అనుకున్నాను. మేడమ్ హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడేది. కానీ ఆమె మాటల్లో కర్త ఉండేవాడు కాదు. 'ఘటన జరిగింది' అనేది. చేశారు అనేది కాదు. వాన పడినట్టు, పొద్దు గూకినట్టు, నా కుడి మోకాలికి దానంతట అదే ఆపరేషన్ జరిగింది. పొరపాటు అన్న మాట ఆ మేడలో ఎవరి నోటా రాలేదు. క్షమించండి అన్నది అసలే రాలేదు. ఆ మాట అంటే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని వకీళ్లు చెబుతారట.

అన్నది ఒకే ఒక్క మనిషి. గది తుడిచే మరాఠీ ఆయమ్మ. మా లింబాయత్‌లోనే ఉంటుంది. బకెట్ తలుపు దగ్గర పెట్టి, నా మంచం పక్కకొచ్చి, "మాఫ్ కరా దాదా" అంది. ఆమె చేసిందేమీ లేదు. ఆ రోజు సెలవులో కూడా ఉందట. అయినా అంది. తుడుస్తూ అంది, కళ్లు కూడా.

చిన్న డాక్టరు ఆ ఘటన తర్వాత ఒకసారి వచ్చాడు. పెద్దవాళ్ల వెనక నిలబడి, నాడి చూసి, "హౌ ఈజ్ ద పెయిన్?" అన్నాడు. సుగుణ తెలుగులో ఏదో అడిగితే హిందీలో జవాబు చెప్పాడు. నొప్పి అప్పుడు తెలిసింది నాకు. మోకాలి నొప్పి కాదు. పుంటికూర తిన్న నోట్లోంచి తెలుగు ఎక్కడికి పోయింది?

మూడో రోజో నాలుగో రోజో రిస్కు మేడమ్ సుగుణను పక్కన కూర్చోబెట్టుకొని నీళ్లిచ్చి అడిగింది. మోకాలి మీద డాక్టరు ఒక గుర్తు పెట్టాడు, అది ఏమైంది?

"నేనే తుడిసిన మేడమ్" అంది సుగుణ. దాచాలన్న ఆలోచనే లేదు. దాచడానికి అదొక తప్పని ఆమెకు తెలిస్తే కదా.

మేడమ్ ఫైలు తెరిచింది. రాసుకుంది. ఆ రాసుకున్న తీరు చూసి సుగుణ నా వైపు తిరిగింది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లలోంచి పోలేదు. ఆ గుర్తు ఎందుకు పెట్టారో ఆమెకు అప్పుడే అర్థమైంది. అది గొరిగేవాడి కోసం కాదు.

"అయ్యో. నేను నీ కాలు తుడిసిపెట్టిన" అంది.

అప్పటినుంచి ఆ గది మంచానికి వేలాడే స్పిరిట్ సీసా వైపు ఆమె చూడలేదు. ఆయమ్మను పిలిచి అక్కడినుంచి తీయించింది.

గణపతి

బాగున్న కుడి మోకాలికి చీము పట్టింది. మళ్లీ లోపలికి తీసుకుపోయి కడిగారు. జ్వరం, చలి, కలవరింత. ఇంటికొచ్చేసరికి గల్లీ చివర గణపతి మంటపం లేచింది. కుడికాలు వంగదు, ఎడమకాలు ఆనదు. ఏ కాలు మీద నిలబడాలో తెలియని మనిషికి ఇంట్లో తీర్పులు కూడా అలాగే వచ్చాయి, తలా ఒక దిక్కు.

సుగుణ తుడిచిందన్న మాట మాకంటే ముందే లింబాయత్ చేరింది. షేరింగ్ ఆటోలో నలుగురు కూర్చుంటే ఆ మాటే నలిగేదట. పలకరించడానికొచ్చిన ఆమె వదినె, మంచం పక్కన కూర్చొని, "ఎందుకు తుడిసినవ్ సుగుణా, నీకేం పట్టె?" అని అడిగి, చాయ్ తాగి పోయింది. ఆమెకు చాయ్ పెట్టింది సుగుణే. బయట డప్పులు మోగుతున్నాయి. లోపల సుగుణ గిన్నెలు కడుగుతోంది, కడిగినవే.

మా బిడ్డ స్రవంతి ఇక్కడే పుట్టి పెరిగి ఉధనాలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. సగం తెలుగు, సగం హిందీ, కోపమొస్తే గుజరాతీ. కేసు వేయాల్సిందే అంది. అది ఆస్పత్రి మీది కోపం. తల్లి మీది కోపం వేరే.

"ఎవలన్న అడిగితె తెల్వదని చెప్పొద్దా అమ్మా? ఫటాఫట్ ఒప్పుకుంటవా?"

"తుడిసిన గదా బిడ్డా. తుడిసిన అన్న."

"వాళ్లకు గదే కావాలె. ఇగ అంతా నీ మీదనే వెడ్తరు."

"నా మీదనే ఉన్నది గద మరి."

ఆ మాటకు స్రవంతి ఏడ్చింది. ఇద్దరి మధ్యా నేను, రెండు కాళ్లూ దిండ్ల మీద పెట్టుకొని. సంసారంలో మోకాలడ్డడం అంటే ఇదేనేమో. లేచి ఎవరినీ సముదాయించలేను, బయటికి పోయి కూర్చోలేను. నవ్వించాలని ఏదో అన్నాను. అదివరకు నా మాటలకు సుగుణ విసుక్కునేది. ఇప్పుడు విసుక్కోవడం కూడా మానేసింది. నా మీద అరిచే హక్కు పోయిందనుకుంది కాబోలు. ఆపరేషన్‌లో నాకు పోయినవాటిలో నేను ఎక్కువ బెంగపెట్టుకున్నది దాని మీదే.

నిమజ్జనం అయిన వారానికి ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. వాకరు పట్టుకొని పోయాను. పొడుగాటి బల్ల, ఒకవైపు రిస్కు మేడమ్, వాళ్ల వకీలు, పెద్ద డాక్టరు, చివర కుర్చీలో చిన్న డాక్టరు. ఇవతల మేము ముగ్గురం. మేడమ్ చెప్పింది. ఎడమ మోకాలి ఆపరేషన్ ఆస్పత్రే ఉచితంగా చేస్తుంది, అన్నీ చూసుకుంటుంది. అందుకు ఒక చిన్న కాగితం. మోకాలి మీద గుర్తును రోగి భార్య తనంతట తాను చెరిపినందువల్ల ఈ ఘటన జరిగిందని, మాకు ఏ ఫిర్యాదూ లేదని. కింద సుగుణ సంతకం చేయాలి.

ఫిల్ము చూశారా, కాగితాల్లో ఎడమ అని లేదా అని స్రవంతి హిందీలో అడిగింది. ఆ విషయాలు పరిశీలనలో ఉన్నాయని వకీలు చెప్పాడు. చిన్న డాక్టరు బల్ల మీది నీళ్లగ్లాసును చూస్తూ కూర్చున్నాడు.

సుగుణ పెన్ను అడిగి తీసుకుంది.

"నా పేరు రాస్తే ఏం పోతదయ్యా" అంది నాతో, వాళ్లకు అర్థం కాని తెలుగులో. ఒక్కరికి మాత్రం అర్థమైంది. "నాకేమన్న సర్కారు నౌకరి రావాల్నా? నీ కాలు సక్కగైతది."

ఆమె చేతిలో పెన్ను చూడడం నాకు కొత్త. మా ఇంట్లో పెన్ను నాది, స్పిరిట్ ఆమెది. నాకు ఆ కాలు కావాలి. ఎంత కావాలో చెప్పలేను. నిలబడితేనే నాకు పని, పని ఉంటేనే ఇల్లు. ఒక్క సంతకంతో అది వస్తుంది. ఆ క్షణంలో నాకు ఆశ పుట్టలేదని చెబితే నా మోకాళ్లు కూడా నమ్మవు.

కానీ ఆ కాగితం మీద ఆమె పేరు పడితే? రేపు నేను నడుస్తున్న ప్రతిసారీ ఆమె ఆ కాలి వైపు చూస్తుంది. నేను కుంటినా చూస్తుంది, కుంటకపోయినా చూస్తుంది.

కాగితం మీద అరచెయ్యి పెట్టాను. పెన్ను కింద పెట్టమన్నాను. తర్వాత నాకొచ్చిన హిందీలో మేడమ్‌తో చెప్పాను. "ఇది సంతకం కాదు మేడమ్, మరక. దీన్ని తీసే స్పిరిట్ మా ఇంట్లో లేదు. బల్ల మీద పడుకోబెట్టి నా పేరు అడిగారు, చెప్పాను. ఏ కాలని అడిగితే అదీ చెప్పేవాణ్ణి. మా ఆవిడ మోకాలే తుడిచింది. నా నోరు తుడవలేదు."

మీ అభిప్రాయం నమోదు చేసుకుంటాం అన్నాడు వకీలు. మేడమ్ రాసుకోలేదు. మేము లేచినప్పుడు వాకరు తలుపుకు తగలకుండా తనే వచ్చి తలుపు పట్టుకుంది. వాళ్ల నాన్నకు కూడా మోకాళ్ల నొప్పులేనట, గొంతు తగ్గించి చెప్పింది. ఆ తలుపు పట్టుకున్న చెయ్యే ఆ కాగితమూ రాయించింది. మనుషులు చెడ్డవాళ్లయితే కోపం సులువుగా ఉండేది.

లిఫ్టు కోసం ఆగలేక వెనక మెట్ల దగ్గర రేలింగు పట్టుకొని నిలబడ్డాను. చిన్న డాక్టరు పరుగున వచ్చాడు. పైకీ కిందికీ చూశాడు. అప్పుడు తెలుగు వచ్చింది.

"అంకుల్, గుర్తు కనపడకపోతే ఆగిపోవాలండి. అదే రూలు. ఫిల్ము చూడాలి, పేషెంటుని అడగాలి. అప్పటికీ డౌటుంటే కత్తి పట్టకూడదు. ఆరోజు నన్ను ఓపీలో వేశారు, నేను లోపల లేను. గుర్తు చెరపొద్దని మీకు చెప్పాల్సింది కూడా మేమే. ఆంటీ, మీ తప్పేం లేదండి."

సుగుణ అతన్ని కళ్లార్పకుండా చూసింది. "గీ మాట జర లోపట చెప్తే ఏమైతుండె సారూ?"

అతను మళ్లీ పైమెట్ల వైపు చూశాడు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి అని నా చెయ్యి పట్టుకున్నాడు. తన సర్టిఫికెట్లన్నీ ఆస్పత్రి దగ్గరే ఉన్నాయట. అందుకే అతని ఊరు మార్చాను, పేరు రాయలేదు. మాట ఇచ్చాను గనక. జవాబు కూడా దొరికింది నాకు ఎట్టకేలకు, జవాబ్దారీ మాత్రం ఎవరిదీ కాకుండా.

ఆటోలో స్రవంతి ఊరుకోలేదు. విన్నావా అమ్మా, నీ తప్పు లేదని డాక్టరే చెప్పాడు కదా అంది.

"మెట్ల మీద చెప్పిన మాట మెట్ల మీదనే ఉంటది బిడ్డా" అంది సుగుణ. బమ్రోలి వైపు పోయే కార్మికుల గుంపులో ఆటో ఆగిపోయింది.

దీపావళి

దీపావళికి సూరత్ మార్కెట్లన్నీ తాళాలు వేసుకుంటాయి. సాంచెలు ఆగిన ఆ నిశ్శబ్దంలో ఒక ట్రస్టు ఆస్పత్రిలో నా ఎడమ మోకాలి ఆపరేషన్‌కు వంతు వచ్చింది. పాత కట్టడం, చెక్క బెంచీలు. బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఒక కథ. పక్కనున్న పెద్దాయన నా కథ విని, తనది గుండె కాబట్టి ఎడమా కుడీ గొడవ లేదని సంతోషించాడు.

ఇక్కడా సాయంత్రం బాణం గీశారు. సుగుణ రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున నర్సు స్నానం మాట ఎత్తగానే చేతులు కొంగులో దాచుకుంది. తర్వాత తనే లేచి వెళ్లి నర్సును అడిగింది, గుర్తు ఉంచాలా తీయాలా అని. ఆ నర్సు మలయాళీ, హిందీ అంతంతమాత్రం. అది డాక్టరు కోసం, పొరపాటు జరగకుండా, ముట్టుకోకండి అని చెప్పింది.

అంతే. ఒక్క ముక్క. చెప్పడానికి పట్టిన సమయం గుక్కెడు నీళ్లు తాగినంత. ఆ ఒక్క ముక్క వానాకాలంలో అద్దాల మేడలో ఎవరో ఒకరు చెప్పి ఉంటే, నేను ఈ పాటికి బల్ల దగ్గర నిలబడి ఎవరి తాకాకో బాణం వేస్తూ తిట్లు తింటూ ఉండేవాణ్ణి. మీకు చెప్పాలనుకున్నది కూడా ఇదే. ఒంటి మీద ఏ గుర్తు పెట్టినా ఎందుకని అడగండి. వాళ్లు అడగకపోయినా ఏ కాలో, ఏ చెయ్యో మీరే చెప్పండి. సిగ్గుపడొద్దు. సిగ్గుపడాల్సినవాళ్లు పడడం లేదు.

లోపలికి తీసుకుపోయేటప్పుడు తలుపు దగ్గర అడిగారు, ఏ కాలని. బల్ల మీద అడిగారు. సూది వేసే ముందు మళ్లీ అడిగారు. లెఫ్ట్, లెఫ్ట్, లెఫ్ట్ అంటూ పోలీసు కవాతు చేసినట్టే పోయాను. బయటికొచ్చాక సుగుణ దుప్పటి ఎత్తలేదు. స్రవంతినే ఎత్తమంది. స్రవంతి చూసి తలూపాక, అప్పుడు ఏడ్చింది సుగుణ.

ఇప్పుడు

ఎండలు ముదిరాయి. ఎడమకాలు బాగుపడింది. కుడికాలు, ఆ బాగున్న కాలు, ఇంకా మొరాయిస్తోంది. పూర్తిగా వంగదట ఇక. కార్ఖానాలో స్టూలు వేసి కూర్చోనిస్తున్నారు, దయ. కూర్చుంటే గుడ్డలో సగం తప్పులు కనబడవు. నేసేవాళ్లకు మాత్రం ఇప్పుడు నా మీద ప్రేమ పెరిగింది.

కేసు కన్స్యూమర్ కోర్టులో ఉంది. తారీఖులు పడుతున్నాయి. మా నోటీసుకు ఆస్పత్రి ఇచ్చిన జవాబు ఇంగ్లీషులో వచ్చింది. స్రవంతి చదివి తెలుగులో చెప్పింది, మధ్యలో ఒకచోట తడబడింది. సుగుణ దారాలు కత్తిరిస్తూ వింది.

"ఒక లైను ఇడిసిపెట్టినవ్ బిడ్డా" అంది చివరికి, తలెత్తకుండానే.

స్రవంతి నా వైపు చూసింది. చదవమన్నాను. ఘటనకు కారణం రోగి భార్య నిర్లక్ష్యమని ఆ లైను. చదివాక సుగుణ కత్తెర పక్కన పెట్టి, లేచి పోయి పొయ్యి మీద పాలు చూసి వచ్చింది. బాధ్యత అన్న మాటలో ఉన్న బాధ మా ఇంటికే వచ్చింది. మిగిలిన ఆ చిన్న ముక్కను కూడా ఎవరూ తీసుకోలేదు.

ఆ ఘటన తర్వాత అద్దాల మేడలో పద్ధతులేమైనా మారాయో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మారాయి. నిన్న మార్కెట్ నుంచి చీరల కట్ట వచ్చింది. అందులో లేత పసుపు చీర ఒకటి, అంచు దగ్గర పెన్ను గీత. ఎవరో లెక్కపెడుతూ చెయ్యి తగిలించిన గీత, చిన్న పిల్లకైనా తెలుస్తుంది. ఒకప్పుడైతే మాట్లాడుతూ మాట్లాడుతూనే తీసేసేది. ఇప్పుడు ఆ చీర తెచ్చి నా ముందు పరిచింది.

"గిది ఎవలు పెట్టిన్రో, ఎందుకు పెట్టిన్రో ఫోన్ చేసి అడుగు."

చేశాను. అవతల సేఠు నవ్వాడు. మరకే, భాభీని తీసెయ్యమను, ఇంకెందుకుంటుంది అన్నాడు. ఫోను ఆమెకు వినపడేలానే పెట్టాను. వింది. స్పిరిట్ సీసా చేతిలో ఉంది, మూత తీయలేదు. చీరను వెలుతురుకు ఎత్తి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మళ్లొక్కసారి అడుగయ్యా" అంది.

ఫోను మళ్లీ తీశాను.